సర్వేలు ఒక్కోటి ఒక్కోలా చెబుతుంటే ఎవరిని నమ్మాలి?

అధ్యక్ష ఎన్నికలు దగ్గరపడేకొద్దీ, అమెరికాకు కొత్తగా వచ్చిన తెలుగువాళ్ళు నన్ను అడిగే ప్రశ్న ఒకటే. పొద్దున ఒక ఛానల్ పెడితే ఒక అభ్యర్థి మూడు శాతం ముందున్నట్టు చూపిస్తారు. రాత్రి ఇంకో ఛానల్ పెడితే అదే అభ్యర్థి రెండు శాతం వెనకబడినట్టు చూపిస్తారు. ఇద్దరిలో అబద్ధమాడుతున్నది ఎవరు?

నేను 1999లో ఈ దేశం వచ్చాను. ఏడు అధ్యక్ష ఎన్నికలు దగ్గరగా చూశాను, చివరి నాలుగింటిలో పెన్సిల్వేనియా ఓటరుగా ఓటు కూడా వేశాను. నా జవాబు ఇది: చాలాసార్లు ఇద్దరూ అబద్ధమాడటం లేదు. మన ఊళ్ళలో సర్వే అంటే ఏదో ఒక పార్టీ డబ్బిచ్చి చేయించుకున్నదని మనకు గట్టి అనుమానం. ఆ అనుమానాన్ని సూట్‌కేసులో పెట్టుకుని ఇక్కడికి వస్తాం. అందుకని ఈ మాట ఎవరూ వెంటనే నమ్మరు. నమ్మించడానికి నేను ఎప్పుడూ చెప్పే ఉదాహరణ ఒకటుంది.

2016 సెప్టెంబరులో న్యూయార్క్ టైమ్స్ పత్రిక ఫ్లోరిడాలో 867 మంది ఓటర్ల అభిప్రాయాలు సేకరించింది. ఆ జవాబులను ఉన్నవి ఉన్నట్టుగా, ఈ పనిలో పేరున్న నాలుగు బృందాల చేతిలో పెట్టి మీ లెక్క మీరు కట్టి చెప్పండి అంది. తన లెక్క తానూ కట్టుకుంది. ఒక బృందానికి హిల్లరీ క్లింటన్ నాలుగు శాతం ముందున్నట్టు తేలింది. ఇంకో బృందానికి మూడు, మరో బృందానికి ఒకటి. నాలుగో బృందం లెక్కలో డొనాల్డ్ ట్రంప్ ఒక శాతం ముందున్నాడు. పత్రిక సొంత లెక్కలో క్లింటన్‌కు ఒక శాతం ఆధిక్యం వచ్చింది. అడిగిన మనుషులు వాళ్ళే, చెప్పిన జవాబులూ అవే. అయినా లెక్కకూ లెక్కకూ మధ్య ఐదు శాతం దాకా తేడా. ఎవరూ ఎవరికీ లంచమివ్వలేదు.

అన్నం ఉడికిందో లేదో చూడటానికి ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలంటాం. గిన్నెకంతటికీ ఒకే సెగ తగిలితే ఆ మాట నిజమే. దేశమనే గిన్నెకు అలా తగలదు. ఫోను ఎత్తి ఓపికగా జవాబు చెప్పేవాళ్ళలో వయసు మళ్ళినవాళ్ళు ఎక్కువ, డిగ్రీ చదివినవాళ్ళు ఎక్కువ. ఇరవై ఏళ్ళ కుర్రవాళ్ళు దొరకరు. అందుకని తక్కువగా దొరికినవారి జవాబుకు ఎక్కువ తూకం, ఎక్కువగా దొరికినవారి జవాబుకు తక్కువ తూకం వేస్తారు. ఏ వర్గానికి ఎంత తూకం వేయాలి, ఓటేస్తానన్నవాళ్ళలో నిజంగా బూత్ దాకా వెళ్ళేది ఎవరు అన్నవి సర్వే చేసేవాళ్ళు తమ అనుభవంతో తీసుకునే నిర్ణయాలు. ఆ ఐదు లెక్కల మధ్య తేడా అంతా అక్కడే పుట్టింది.

తూకం ఎంత దూరం పోతుందో ఇంకో ఉదాహరణ చెబుతాను. అదే ఏడాది లాస్ ఏంజెలెస్ టైమ్స్, దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం కలిసి చేసిన సర్వేలో సుమారు 3,000 మంది ఉండేవారు. వాళ్ళలో ఇల్లినాయ్‌కి చెందిన 19 ఏళ్ళ నల్లజాతి యువకుడు ఒకడు ట్రంప్ వైపు ఉన్నాడు. అలాంటి యువకులు ఆ సర్వేలో చాలా తక్కువ కాబట్టి, అతని ఒక్కడి జవాబుకు సగటు మనిషి జవాబు కంటే 30 రెట్లు బరువు పడింది. అతను జవాబిచ్చిన వారంలో దేశమంతటి అంకె ఒక శాతం మేర ఊగేది. వినడానికి విడ్డూరంగా ఉంటుంది కానీ, అందులోనూ మోసం లేదు. పద్ధతిని బయటపెట్టారు కాబట్టే పక్క పత్రిక దాన్ని పట్టుకోగలిగింది.

ఫోను ఎత్తేవాళ్ళు తగ్గిపోవడంతో ఈ కష్టం ఏటికేడాది పెరుగుతోంది. ప్యూ రీసెర్చ్ సెంటర్ ఫోను సర్వేలలో 1997లో నూటికి 36 మంది జవాబిచ్చేవారు, 2018 నాటికి ఆరుగురే మిగిలారు. 2016లో చాలా రాష్ట్రాల సర్వేలు చదువును బట్టి తూకం వేయకపోవడం వల్ల, డిగ్రీ లేని తెల్లవారి ఓటు లెక్కలో తగ్గిపోయింది. 2020కి చాలామంది ఆ తప్పు దిద్దుకున్నారు. అయినా జో బైడెన్ ఎనిమిది శాతం దాకా ముందున్నట్టు చూపించిన సర్వేల సగటు, అసలు ఫలితంలో నాలుగున్నర దగ్గర ఆగింది. నలభై ఏళ్ళలో అంత పెద్ద పొరపాటు జరగలేదని, కారణం ఇదీ అని తేల్చలేకపోతున్నామని సర్వే నిపుణుల సంఘమే ఒప్పుకుంది. అలా ఒప్పుకోవడం నాకు గౌరవం కలిగించింది.

ఇక మొదటి ప్రశ్నకు సూటి జవాబు. వెయ్యి మందిని అడిగిన సర్వేలో ఒక్కో అభ్యర్థి అంకె మూడు శాతం అటూ ఇటూ కావచ్చునని కింద చిన్న అక్షరాలతో రాస్తారు. అది ఒక అభ్యర్థికి మాత్రమే. ఇద్దరి మధ్య తేడా అయితే ఆరు శాతం దాకా జరగవచ్చు. కనుక పొద్దున చూసిన మూడు శాతం ముందంజ, రాత్రి చూసిన రెండు శాతం వెనుకంజ, రెండూ ఒకే నిజం నుంచి రావచ్చు. ‘పోటీ హోరాహోరీగా ఉంది’ అన్నదే ఆ రెండు సర్వేలూ కలిసి చెబుతున్న మాట. దేశం మొత్తం అంకె చూసి ఊరుకోకండి కూడా. ఇక్కడ గెలుపు అంటే రాష్ట్రాలవారీగా దక్కే 538 ఎలక్టోరల్ ఓట్లలో 270 తెచ్చుకోవడం. 2016లో క్లింటన్‌కు దేశమంతటా దాదాపు 29 లక్షల ఓట్లు ఎక్కువ వచ్చినా, మిషిగన్, పెన్సిల్వేనియా, విస్కాన్సిన్ మూడింటిలో కలిపి సుమారు 78,000 ఓట్ల తేడాతో ఓడిపోయింది.

మరి మీడియా పక్షపాతం లేదా? ఉంది. అది సర్వే చేయడంలో కంటే, ఏ సర్వేను పతాక శీర్షిక చేయాలో ఎంచుకోవడంలో ఉంది. ఒకే వారం పది సర్వేలు వస్తే, తమ ప్రేక్షకులు వినదలచుకున్నది ఒకటి తీసి రోజంతా దాని మీదే చర్చ పెడతారు. రేడియో, టీవీ సంస్థలు వివాదాస్పద విషయాల్లో భిన్న వాదనలను వినిపించాలన్న నియమం ఇక్కడ 1949 నుంచి ఉండేది. 1987లో దాన్ని ఎత్తేశారు. కేబుల్ ఛానళ్ళకు అది వర్తించేది కాదనుకోండి, గాలి మారడం మాత్రం నిజం. ఫాక్స్ న్యూస్, ఎంఎస్ఎన్‌బీసీ రెండూ 1996లో మొదలయ్యాయి (రెండోదాని పేరు 2025లో ఎంఎస్ నౌ అయింది). ఏది ఎటు మొగ్గుతుందో నెల రోజులు చూస్తే మీకే తెలుస్తుంది. పగటి వార్తలకూ, రాత్రి వ్యాఖ్యాతల కార్యక్రమాలకూ తేడా గమనించండి. పత్రికల్లో కూడా సంపాదకీయ పేజీ వేరు, వార్తల విభాగం వేరు. ఫలానా పత్రిక ఫలానా అభ్యర్థిని సమర్థించిందంటే దాని సర్వే కూడా అటే వంగిందని అర్థం కాదు.

తప్పు చేస్తే మూల్యం చెల్లించిన సందర్భాలు రెండు వైపులా ఉన్నాయి. 2004లో జార్జ్ బుష్ సైనిక సేవ గురించి నిజమని రుజువు చేయలేని పత్రాలను చూపించి సీబీఎస్ క్షమాపణ చెప్పుకుంది. 2020 ఓట్ల యంత్రాల గురించి ప్రసారం చేసిన మాటలకు ఫాక్స్ న్యూస్ 2023లో ఆ యంత్రాలు తయారుచేసే డొమినియన్ సంస్థతో 78.75 కోట్ల డాలర్లకు రాజీ చేసుకుంది.

ఐయోవా సర్వే గురించి కూడా చెప్పాలి. ఆన్ సెల్జర్ అనే ఆమె అక్కడి డి మొయిన్ రిజిస్టర్ పత్రికకు దశాబ్దాలుగా సర్వేలు చేసేవారు. 2016లో, 2020లో మిగతావారి ధోరణికి భిన్నంగా ట్రంప్‌కు గట్టి ఆధిక్యం చూపించారు, అదే నిజమైంది. 2024లో పోలింగ్‌కు మూడు రోజుల ముందు కమలా హారిస్ మూడు శాతం ముందున్నట్టు ఆమె సర్వే వచ్చింది. ట్రంప్ 13 శాతంతో గెలిచాడు. ఆమె అమ్ముడుపోయిందని తిట్టినవాళ్ళు మనవాళ్ళలోనూ ఉన్నారు. నా అభిప్రాయం వేరు. మంద నుంచి విడిగా వచ్చిన అంకెను దాచకుండా అచ్చువేయడం నిజాయితీ. అందరూ పక్కవాళ్ళ అంకెకు దగ్గరగా సర్దుకుంటే సర్వేలు ఎన్ని ఉన్నా ఒక్కటే ఉన్నట్టు. తప్పు ఆ ఒక్క అంకె మీద రెండు రోజులు ఊరేగిన ఛానళ్ళది.

మన భాషలో వచ్చే వార్తల సంగతి ఇంకా జాగ్రత్తగా చూడాలి. ఏ పత్రిక ఏ పార్టీ మాట మోస్తుందో ఊళ్ళో చిన్నపిల్లలకు కూడా తెలుసు. 2018లో తెలంగాణ, 2019లో ఆంధ్రప్రదేశ్ ఫలితాల మీద లగడపాటి రాజగోపాల్ సర్వే జోస్యాలు ఎలా తలకిందులయ్యాయో మనం చూశాం. అయినా అమెరికా ఎన్నికల దగ్గరికి వచ్చేసరికి వాట్సాప్‌లో తెలుగులో వచ్చిన ఒక్క ముక్కను పట్టుకుంటాం. 2024లో ఉపాధ్యక్ష అభ్యర్థి జె.డి. వాన్స్ భార్య ఉషా వాన్స్ పూర్వీకుల ఊరు వడ్లూరు కబుర్లు నిండిన చోట, పెన్సిల్వేనియాలో వీసా మీద ఉన్నవాడికి కావలసిన సమాచారం ఎంత ఉంది? ఆ అభిమానాన్ని నేను తప్పుపట్టను. నిర్ణయాలకు అది ఆధారం కాకూడదు.

ఈ విషయంలో నేను ఇంత పట్టుదలగా మాట్లాడటానికి ఒక కారణముంది. 2016 నవంబరులో, పోలింగ్‌కు కాస్త ముందు, ఫిలడెల్ఫియా శివార్లలో మా వీధిలోనే ఉండే ఒక తెలుగు జంట ఇల్లు కొనబోతూ సలహా అడగడానికి వచ్చారు. ఆయనది హెచ్-1బి ఉద్యోగ వీసా. ఆమె హెచ్-4, అంటే హెచ్-1బి వాళ్ళ కుటుంబ సభ్యులకిచ్చే వీసా మీద, పని అనుమతితో ఉద్యోగం చేస్తోంది. ఆ అనుమతి 2015లోనే కొత్తగా వచ్చింది. ఇద్దరి జీతాలూ చూపించి పెద్ద అప్పు తీసుకుంటున్నారు. క్లింటన్ గెలవడానికి 98 శాతం అవకాశమని ఒకచోట చదివి, నిబంధనలేవీ మారవని నమ్మారు. ఫైవ్‌థర్టీఎయిట్ అనే ఎన్నికల అంచనాల వెబ్‌సైటు అదే పోటీకి 71 శాతం చెబుతోందని నాకు తెలుసు. పదిసార్లలో మూడుసార్లు తప్పే అవకాశముందన్న మాట అది. ఆ సంగతి వాళ్ళకు విడమరిచి చెప్పాల్సింది, చెప్పలేదు. ట్రంప్ గెలిచాక, 2017 చివరి నుంచి మూడేళ్ళ పైగా ఆ పని అనుమతి రద్దు చేస్తామన్న ప్రతిపాదన వేలాడుతూనే ఉంది. చివరికి రద్దు కాలేదు, 2021 జనవరిలో ఆ ప్రతిపాదననే వెనక్కి తీసుకున్నారు. కానీ ఆ మూడేళ్ళూ ప్రతి నెలా వాయిదా కట్టేటప్పుడు ఆమె ముఖంలో కనిపించిన దిగులు నాకు ఇంకా గుర్తుంది.

అందుకని ఇల్లు, ఉద్యోగం మార్పు, వీసా స్టాంపింగ్ కోసం ఇండియా ప్రయాణం లాంటివి ఇద్దరిలో ఎవరు గెలిచినా నిలబడేలా వేసుకోండి. సర్వే చూడాలనిపిస్తే ఒకదాన్ని కాకుండా సగటును చూడండి. ఎవరు డబ్బిచ్చారు, ఎన్ని రోజుల కిందట అడిగారు, నమోదైన ఓటర్లనా లేక ఓటేయబోయే వారినా అన్నవి చూడండి. ఓట్ల లెక్కింపు రాత్రి తొందరపడకండి. 2000లో ఫ్లోరిడాను ఛానళ్ళు ముందు ఆల్ గోర్‌కు, తర్వాత బుష్‌కు ఇచ్చి రెండుసార్లూ వెనక్కి తీసుకున్నాయి. చివరికి తేడా 537 ఓట్లు. మా పెన్సిల్వేనియాలో పోస్టులో వచ్చిన ఓట్ల కవర్లను పోలింగ్ రోజు పొద్దున ఏడు గంటల దాకా తెరవకూడదన్నది చట్టం, కాబట్టి అంకెలు రాత్రంతా ఇటూ అటూ జరుగుతాయి. అది మోసం కాదు, లెక్కించే వరుస.

మరో రెండు విషయాలు వీసా మీద ఉన్నవాళ్ళకు. ఏ అభ్యర్థికీ ఒక్క డాలరు కూడా చందా ఇవ్వకండి. గ్రీన్ కార్డు వచ్చేదాకా చట్టం ఒప్పుకోదు. డ్రైవింగ్ లైసెన్సు తీసుకునేటప్పుడు ఓటరుగా నమోదు చేయాలా అని అడుగుతారు. తొందరలో అవునని నొక్కితే, పౌరులమని తప్పుగా చెప్పినట్టయి మీ గ్రీన్ కార్డుకే ముప్పు రావచ్చు. గ్రీన్ కార్డు ఉన్నవాళ్ళకూ ఓటు లేదు. ఆ ప్రశ్నను రెండుసార్లు చదివి ‘వద్దు’ అని గుర్తు పెట్టండి. ఆ కాగితం నకలు ఒకటి అడిగి తీసుకుని, మీ ఐ-94 (దేశంలోకి వచ్చినప్పటి రికార్డు) పక్కనే దాచుకోండి.