కోటు అసలైనదే, చిక్కంతా ప్రకటనలో

ప్రశ్న: 1980లలో ఇటలీ నుంచి తెచ్చుకున్న అర్మానీ కోటు, ప్యాంటు సెట్‌ను మా పెదనాన్నగారు నాకిచ్చారు. ఇటీవల ఆన్‌లైన్‌లో ‘అసలైన అర్మానీ, ఎక్కడా ఆల్టర్ చేయలేదు, వాపసు తీసుకోను’ అని ప్రకటన పెట్టి, బెంగళూరులోని ఒకరికి 32,000 రూపాయలకు అమ్మాను. అందిన మూడో రోజే ఆయన ఫోన్ చేసి, ప్యాంటు నడుము దగ్గర కుట్లు విప్పిన గుర్తులున్నాయి, సరుకే నకిలీ అన్నారు. డబ్బు మొత్తం ఇవ్వకపోతే చీటింగ్ కేసు, వినియోగదారుల కేసు పెడతారట. బట్టలు మాత్రం వెనక్కి పంపరట. చాలా ఏళ్ల క్రితం నడుము బిగించి కుట్టించుకున్న మాట నిజమే. ప్రకటన రాసేటప్పుడు అది తట్టలేదు. ఏం చేయాలి? పన్ను కూడా కట్టాలా?
– ఒక పాఠకుడు, హిమాయత్‌నగర్, హైదరాబాద్

జవాబు: చీటింగ్ కేసు అనగానే బెంబేలెత్తకండి. భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 318 కింద నేరం నిలవాలంటే అమ్మేనాటికే మోసగించాలన్న ఉద్దేశం ఉండాలి. మతిమరుపు నేరం కాదు. వినియోగదారుల కేసుకూ ఇక్కడ పెద్దగా బలం లేదు. వ్యాపారంగా కాకుండా సొంత వస్తువును ఒకసారి అమ్ముకునే వ్యక్తికి 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనలు వర్తించవు. నెలనెలా పాత బట్టలు కొని అమ్ముతుంటే మాత్రం ఈ మాట చెప్పలేను.

అంతమాత్రాన మీరు గట్టెక్కినట్టు కాదు. ‘ఎక్కడా ఆల్టర్ చేయలేదు’ అన్న ఆ మూడు ముక్కలే మీ మెడకు చుట్టుకున్నాయి. వర్ణన చూసి కొన్న సరుకు ఆ వర్ణనకు సరిపోవాలని 1930 నాటి వస్తు విక్రయ చట్టం సెక్షన్ 15 చెబుతోంది. ‘వాపసు తీసుకోను’ అన్నంత మాత్రాన తప్పుడు వర్ణన ఒప్పయిపోదు. తెలియక చెప్పినా అది కాంట్రాక్టు చట్టం సెక్షన్ 18 కింద తప్పుడు ప్రకటనే, బేరాన్ని రద్దు చేసుకునే హక్కు కొన్నవారికి వస్తుంది. లోపలి అంచున సూది రంధ్రాలను బెంగళూరులో కూర్చుని ఫోటోలో పట్టుకోవాల్సిందని కోర్టులో వాదించడం నాకైతే కష్టమే.

అయితే డబ్బూ, బట్టలూ రెండూ ఆయనకే దక్కవు. బేరం రద్దయితే ఎవరి దగ్గర పుచ్చుకున్నది వారికి చేరాలి. ప్యాంటు ఒక్కటే పంపుతానన్నా కుదరదు, రెండింటికీ కలిపి ఒకే ధర కట్టారు. మూడో రోజే చెప్పారు కాబట్టి తిరస్కరించే హక్కు ఆయనకుంది. ఈలోగా ఆ కోటు వేసుకుని ఏ పెళ్లికో వెళ్లారంటే సరుకును అంగీకరించినట్టే. అప్పుడు అడగగలిగేది నష్టపరిహారం లేదా ధరలో కొంత తగ్గింపు మాత్రమే.

నా సలహా: ఈరోజే మెసేజ్‌లో రెండు దారులు చూపండి. సెట్ మొత్తం మీ చేతికందగానే పూర్తి డబ్బు, కొరియర్ ఖర్చు మీదే (పొరపాటు మీదే కదా). లేదా ఆల్టరేషన్‌కు తగ్గట్టు కొంత తగ్గింపు, బట్టలు ఆయన దగ్గరే. పార్సిల్ వస్తే వీడియో తీస్తూ విప్పి, కోటు లోపలి లేబుల్‌ను పాత ఫోటోతో పోల్చి చూసుకోండి. ఒకటి తీసుకుని ఇంకోటి పంపేవారూ ఉంటారు. డబ్బు బ్యాంకు ద్వారానే పంపండి. ఫోన్‌లోని ప్రకటన, సంభాషణలు చెరిపేయకండి. కోర్టుకు వెళ్తే ప్రింటు ఒక్కటే చాలదు, దాన్ని ఏ ఫోన్‌లోంచి ఎలా తీశారో చెప్పే ధ్రువపత్రాన్ని భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 కింద జతచేయాలి.

నకిలీ అన్న ఆరోపణ వేరే సంగతి. రుజువు చేయాల్సింది ఆయనే. చట్టబద్ధంగా కొన్న అసలు సరుకును ఆ బ్రాండు పేరుతోనే తిరిగి అమ్ముకోవడాన్ని ట్రేడ్ మార్క్స్ చట్టం సెక్షన్ 30 అనుమతిస్తోంది. పెదనాన్నగారి దగ్గర పాత బిల్లో, ఆ కోటు తొడుక్కుని దిగిన ఫోటోనో ఉంటే ఒకసారి బీరువా వెతకమనండి.

పన్ను బెంగ వద్దు. సొంతానికి వాడుకున్న దుస్తులు అమ్మితే మూలధన లాభం పన్ను పడదు, వ్యాపారం కాదు కాబట్టి జీఎస్టీ ఊసే లేదు.