పాఠకుల ప్రశ్నలు: బాల్కన్ మూలాలు వెతకాలంటే

ప్రశ్న: మా వియ్యంకుడుగారు అమెరికన్. ఆయన తాతగారు 1888లో బాల్కన్ ప్రాంతంలో (ఆగ్నేయ ఐరోపా) పుట్టి, 1909లో అమెరికా వెళ్లి పెన్సిల్వేనియా ఉక్కు కర్మాగారంలో పనిచేశారు. 1910 జనాభా లెక్కల్లో పుట్టిన దేశం ఆస్ట్రియా అని, 1920లో యుగోస్లావియా అని ఉంది. ఇంట్లోవాళ్లేమో మేం సెర్బులం అంటారు. ఎల్లిస్ ఐలాండ్‌లో (న్యూయార్క్ రేవులో వలస వచ్చేవారిని తనిఖీ చేసిన చోటు) ఇంటిపేరు మార్చేశారని కూడా చెబుతారు. ఊరి పేరు ఎవరికీ తెలీదు. ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: ఆస్ట్రియా, యుగోస్లావియా, సెర్బులం: ఆ మూడు మాటలూ నిజమే కావచ్చు. 1918 దాకా క్రొయేషియా, బోస్నియా ఆస్ట్రియా-హంగరీ ఏలుబడిలో ఉండేవి. అక్కడ సెర్బులు (ఎక్కువగా ఆర్థడాక్స్ క్రైస్తవులు) లక్షల్లో ఉండేవారు. యుగోస్లావియా పేరు అధికారికంగా వచ్చింది 1929లోనే అయినా, జనం నోట అప్పటికే నలిగింది.

పేరు మార్చేశారన్న కథను మాత్రం పక్కన పెట్టండి. ఎల్లిస్ ఐలాండ్ అధికారులు కొత్తగా పేర్లు రాసేవారు కాదు. ఓడ బయల్దేరిన రేవులో కంపెనీ గుమాస్తా రాసిన జాబితానే సరిచూసుకునేవారు. తేడా వచ్చేది గుమాస్తా చెవి దగ్గర, ఆ తర్వాత అమెరికాలో బతుకుతూ పేరు కుదించుకున్నప్పుడు. వుకొవిచ్ లాంటి పేరు చివర ఒకచోట సి-హెచ్, హంగరీ పద్ధతిలో సి-ఎస్ కనిపిస్తాయి. ఇటాలియన్ చేతిలో పడితే మధ్యలోని కె కాస్తా సి అవుతుంది. కాబట్టి మొదటి మూడు అక్షరాలు కొట్టి, పక్కన నక్షత్రపు గుర్తు (మిగతా అక్షరాలు ఏవైనా సరే అని) పెట్టి వెతకండి. కె ఉన్నచోట సి పెట్టి మరోసారి వెతకండి.

ఊరి పేరు తెలిసేదాకా బాల్కన్ దేశాలకు ఒక్క ఉత్తరం కూడా రాయొద్దు. ఆ పేరు దాదాపు ఎప్పుడూ అమెరికా కాగితాల్లోనే దొరుకుతుంది. ముందు పౌరసత్వం ఫైలు తెప్పించండి. 1906 సెప్టెంబర్ 27 తర్వాతి దరఖాస్తులన్నీ ఒకే నమూనాలో ఉంటాయి. 'మొదటి కాగితాల'లో (పౌరసత్వం కోరుతున్నానని ముందుగా ఇచ్చే ప్రకటన) పుట్టిన ఊరు, తేదీ, ఓడ పేరు ఉంటాయి. ఓడ తెలిస్తే ప్రయాణికుల జాబితా దొరికినట్టే. అది రెండు పేజీల వెడల్పుంటుంది. చాలామంది ఎడమ పేజీ చూసి ఆపేస్తారు. అసలు సరుకు కుడివైపు ఉంది: పుట్టిన చోటు అక్కడే రాసేవారు. స్వదేశంలో దగ్గరి బంధువు పేరు, ఊరు కూడా వదలొద్దు. 'జాతి' గడిని మాత్రం గట్టిగా నమ్మొద్దు. 'క్రొయేషియన్, స్లొవేనియన్' అని కలిపేసిన వర్గంలో సెర్బుల్నీ పడేసిన సందర్భాలున్నాయి.

ఇవి చిక్కకపోతే 1917 జూన్ సైనిక నమోదు కార్డు (అప్పటికి ఆయన వయసు సరిపోతుంది), 1942 ఏప్రిల్ కార్డు చూడండి. రెండింటిలోనూ పుట్టిన చోటు అడిగారు. 1918 సెప్టెంబర్ కార్డులో ఆ ప్రశ్నే లేదు.

ఊరు దొరికాక అది ఏ చర్చి కిందికి వస్తుందో తేల్చుకోవాలి. రిజిస్టర్లు ఊరి పేరున కాదు, చర్చి పేరున ఉంటాయి. ఒకే ఊళ్లో క్యాథలిక్కులకు, ఆర్థడాక్స్ వాళ్లకు వేర్వేరు పుస్తకాలు. క్రొయేషియాలో పాత పుస్తకాలు ప్రభుత్వ ఆర్కైవ్‌లలో (ద్ర్‌జావ్ని అర్హివ్), కొత్తవి స్థానిక రిజిస్ట్రార్ ఆఫీసులో (మాతిచ్ని ఉరెద్) ఉంటాయి. చాలా చర్చి పుస్తకాల ఫొటోలు ఫ్యామిలీసెర్చ్ అనే వెబ్‌సైట్‌లో ఉచితం. రెండో ప్రపంచ యుద్ధంలో ఆర్థడాక్స్ పుస్తకాలు చాలా చోట్ల నాశనమయ్యాయి. బాప్తిస్మ పుస్తకం లేదన్నారని వెనక్కి రాకండి. ఇంటింటి రిజిస్టర్ (దొమోవ్ని ప్రొటోకోల్) ఉందేమో అడగండి. అందులో ఒక ఇంటివాళ్లంతా ఒకేచోట ఉంటారు.

తేదీల దగ్గర చాలామంది బోల్తా పడతారు. సెర్బుల ఆర్థడాక్స్ చర్చిది పాత జూలియన్ క్యాలెండర్, మనం వాడేదానికంటే వెనక నడుస్తుంది. 1888లో తేడా 12 రోజులు, 1900 మార్చి నుంచి 13. బాప్తిస్మ పుస్తకంలో జనవరి 7, అమెరికా కాగితంలో జనవరి 19 ఉంటే ఇద్దరు మనుషులనుకోవద్దు.

ఇంట్లో పెద్దవాళ్లను 'స్లావా' ఎప్పుడు చేసేవారో కూడా అడగమనండి. అది సెర్బుల ఇంటి పునీతుడి పండుగ, తండ్రి నుంచి కొడుక్కి వస్తుంది. ఒకే ఇంటిపేరున్న రెండు కుటుంబాల్లో ఒకరిది సెయింట్ నికొలస్ రోజు (డిసెంబర్ 19), ఇంకొకరిది సెయింట్ జార్జ్ రోజు (మే 6) అయితే ఆ రెండూ వేర్వేరు వంశాలయ్యే అవకాశమే ఎక్కువ.

ప్రశ్న: నానమ్మగారి పౌరసత్వ కాగితాలు ఎక్కడా లేవు. పోయినట్టేనా?

జవాబు: ఆ కాగితాలు అసలు పుట్టి ఉండకపోవచ్చు. 1922 దాకా భర్తకు పౌరసత్వం వస్తే భార్యకూ వచ్చేసేది. ఆమె వివరాలకు పెళ్లి చర్చిలో జరిగితే చర్చి పుస్తకం, పిల్లల బాప్తిస్మ నమోదులు, సోషల్ సెక్యూరిటీ (అమెరికా ప్రభుత్వ పెన్షన్ పథకం) దరఖాస్తు చూడండి. ఆ దరఖాస్తులో తల్లి పుట్టింటి ఇంటిపేరు కూడా రాయాలి. 1940 నాటికి ఆమె ఇంకా విదేశీయురాలే అయితే ఆ ఏటి విదేశీయుల నమోదు పత్రం ఉంటుంది.

ప్రశ్న: రిజిస్ట్రార్ ఆఫీసుకు ఇంగ్లిష్‌లో రాయొచ్చా?

జవాబు: రాయొచ్చు గానీ జవాబు ఆలస్యం. నాలుగైదు వాక్యాలు స్థానిక భాషలో రాయించండి. ఒక ఉత్తరంలో ఒకే మనిషిని, ఒకే నమోదును అడగండి: పేరు, తల్లిదండ్రులు, మతం, ఊరు, అటూ ఇటూ రెండేళ్ల గడువు. 'మా వంశమంతా పంపండి' అంటే మీ ఉత్తరం అడుగుకి పోతుంది.