నీ స్క్రిప్టులో 41వ పేజీ

చిరంజీవికి ఆశీస్సులు.

నీ స్క్రిప్టు అందింది. సోమవారం రాత్రి మొదలుపెట్టి ముప్పై పేజీలు చదివాక కోపం వచ్చి పక్కన పెట్టేశాను. బుధవారం మనసొప్పక మళ్ళీ తీశాను. 41వ పేజీ చదివాక లేచి వెళ్ళి వరండాలో చాలాసేపు కూర్చున్నాను. ఆ కోపం ఒకటీ, ఆ పేజీ ఒకటీ, రెండూ కలిసి ఈ ఉత్తరం రాయిస్తున్నాయి.

ముందు కోపం సంగతి.

'మాక్బెత్' నాటకాన్ని ముంబై మాఫియాలోకి మార్చిన హిందీ సినిమా 'మక్బూల్' చూసి, గ్రానైట్ క్వారీల సూరి తనని చేరదీసిన రాఘవుల్ని చంపే ఈ కథ రాశానని నువ్వే చెప్పావు. అందులో తప్పేమీ లేదు. షేక్‌స్పియర్ కూడా స్కాట్లండ్ చరిత్ర పుస్తకంలోంచి తీసుకునే 'మాక్బెత్' రాశాడు. మంత్రగత్తెల జోస్యం విని, భార్య ప్రోద్బలంతో తన రాజు డంకన్‌ను చంపి గద్దెనెక్కే సేనాని కథ అది. కానీ 'మక్బూల్' తీసిన విశాల్ భరద్వాజ్ ఏం పెట్టాడో చూశావు గానీ, ఎందుకు పెట్టాడో చూడలేదు. ముగ్గురు మంత్రగత్తెల చోట ఆయన ఇద్దరు ఇన్‌స్పెక్టర్లను పెట్టాడు కదా అని నువ్వు ముగ్గురు కానిస్టేబుళ్ళను పెట్టావు. ఆయన ముంబైలో వాన కురిపించాడని నువ్వు చీమకుర్తిలో, నడి మే నెలలో, ఐదు సీన్లపాటు వాన కురిపించావు. చీమకుర్తి మే నెల ఎలా ఉంటుందో నీకు తెలియదా నాయనా? ఆ ఊరి పక్కనే పుట్టానని రాశావే!

ఓం పురి, నసీరుద్దీన్ షా వేసిన ఆ ఇద్దరు పోలీసులు ఎందుకు అంత బాగా కుదిరారో ఒక్కసారి ఆలోచించు. ముంబై మాఫియాలో రేపు ఎవడు బతుకుతాడో, ఎవడు ఎన్‌కౌంటర్‌లో పోతాడో ముందే తెలిసేది పోలీసుకి. ఎందుకంటే ఆ రేపటిని తయారుచేసేది కూడా అతనే. వాళ్ళలో పండిట్ అనే ఇన్‌స్పెక్టర్ జాతకచక్రం గీస్తాడు, లోకంలో శక్తుల మధ్య సమతూకం ఉండాలంటాడు, ఆ సమతూకం కోసం తనే ఒకణ్ణి లేపుతాడు, ఒకణ్ణి పడగొడతాడు. జోస్యమూ కుట్రా ఒకే నోటి నుంచి వస్తాయి. అందుకే ఆ మాటలు వింటుంటే ఒళ్ళు జలదరిస్తుంది. మరి గ్రానైట్ క్వారీల్లో ఆ మనిషెవరు? కానిస్టేబుల్‌కి ఏం తెలుస్తుంది? ఎవరి లీజు రెన్యూవల్ అవుతుందో, ఎవరి పర్మిట్లు ఆగిపోతాయో, ఎవరి ఫైలు ఇక ఎప్పటికీ కదలదో గనుల ఆఫీసులో ఓ మూల బల్ల దగ్గర కూర్చున్న గుమాస్తాకు తెలుస్తుంది. సాయంత్రం టీకొట్టు దగ్గర అతను 'వచ్చే ఏడాదికి ఆ క్వారీ నీదే సూరీ' అన్నాడనుకో. చాలు. మంత్రం అక్కర్లేదు, వాన అక్కర్లేదు.

ఇంకొకటి. నాటకంలో లేడీ మాక్బెత్ మాక్బెత్ భార్య. సినిమాలో నిమ్మి, మాఫియా పెద్ద అబ్బాజీ ఉంచుకున్న మనిషి. మక్బూల్ ఆ అబ్బాజీకి కుడిభుజం. ఈ ఒక్క మార్పుతో కథంతా కొత్తగా పుట్టింది. పెంచిన తండ్రి లాంటివాణ్ణి చంపడమూ, అతని పడకమీది మనిషిని ప్రేమించడమూ ఒకే పాపం అయిపోయాయి. పైగా అబ్బాజీకి సమీర అనే కూతుర్ని ఇచ్చి, ఆమె మనసు ముఠాలోని కాకా అనే అతని కొడుకు గుడ్డూ మీద పెట్టాడు. నాటకంలో మాక్బెత్ తోటి సేనాని బాంకో వంశం సింహాసనం ఎక్కుతుందన్న జోస్యం అలా పెళ్ళిసంబంధంగా మారింది. ఇంటి అల్లుడు వారసుడవుతాడని మనకి ఏ మంత్రగత్తే వచ్చి చెప్పక్కర్లేదు. నిమ్మిగా చేసిన టబు మన హైదరాబాద్‌లో పుట్టినావిడే. ఆవిడ నవ్వే ప్రతి చోటా, రేపు ఈ ఇంట్లో నా చోటేమిటి అన్న భయం కనబడుతుంది. నీ కథలో సూరిని ఉసిగొలిపే రమణికి ఏ భయమూ లేదు. వచ్చిన ప్రతి సీన్లోనూ 'చంపు, చంపు' అంటుంది. ఆమె ఏ ఇంట్లోంచి వచ్చింది, ఎవరు వదిలేస్తే ఎవరి పంచన చేరింది, ఆ కాగితాల్లో ఎక్కడా లేదు.

సరే, ఇక 41వ పేజీ.

రాఘవులు హత్య జరిగిపోయింది. ఇంకా తెల్లవారలేదు. పోలీసులు రాలేదు. పెరట్లోంచి వంటావిడ వచ్చి, శవం ఉన్న గది తలుపు బయటే నిలబడి, 'పిండి పులిసిపోయిందయ్యా, ఇడ్లీ వెయ్యమంటారా వద్దా?' అని అడుగుతుంది. ఎవరూ జవాబు చెప్పరు.

ఇది నీకు తెలిసి రాశావో, చేయి దానంతట అదే రాసిందో నాకు తెలియదు. 'మాక్బెత్'లో డంకన్ హత్య అయిన వెంటనే కోట తలుపు ఎవరో తడతారు. తాగిన మత్తులో ఉన్న కాపలావాడు ఏదేదో వాగుతూ వెళ్ళి తలుపు తీస్తాడు. హత్య మాత్రం తెర వెనకే జరిగిపోతుంది. మనకి వినబడేది ఆ తలుపు చప్పుడే. బయటి లోకం మామూలుగా తెల్లవారబోతోందన్న చప్పుడు అది. నీ వంటావిడ ఆ చప్పుడు చేసింది.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు మా ఊళ్ళో పొలం గట్టు తగాదాలో ఒకతను తన పెదనాన్న కొడుకును నరికి చంపాడు. అంతకు ముందు రాత్రే ఊళ్ళో పెళ్ళి. ఇద్దరూ ఒకే బంతిలో కూర్చుని తిన్నారు. మర్నాడు పంచనామా జరుగుతుంటే పిల్లలం దూరంగా రావిచెట్టు కింద నిలబడ్డాం. పోయినవాడి తల్లి ఏడవలేదు. గోడకి చేరబడి కూర్చుని, ఎవరితోనో తెలియదు, 'రాత్రి వాడికి పెరుగు నేనే వేశాను. ఇంకాస్త వెయ్యి పెద్దమ్మా అన్నాడు. వేశాను' అంది. చంపినవాడి గురించి. మళ్ళీ మళ్ళీ అదే మాట.

ఇరవై రెండేళ్ళప్పుడు దాన్ని కథగా రాసి ఒక వారపత్రికకు పంపాను. అచ్చయింది. ఆనందంగా కొనుక్కుని చదివితే పెరుగు మాట లేదు. ఆ తల్లి గుండెలు బాదుకుంటూ పేరాడు పొడుగున శాపనార్థాలు పెడుతోంది. మర్నాడే బస్సెక్కి ఆఫీసుకు వెళ్ళాను. సంపాదకుడు తలెత్తకుండానే 'పాఠకులకు కన్నీళ్ళు కావాలయ్యా, వడ్డనలు కాదు' అన్నాడు. నలభై ఏళ్ళు దాటింది. ఆయన ఇప్పుడు లేరు. ఆ మాటని మాత్రం నేను ఈరోజుకీ క్షమించలేదు.

అప్పటినుంచీ నేను పట్టుకుని వేలాడుతున్న సంగతి ఒకటుంది. కాదన్నవాళ్ళతో దెబ్బలాడి స్నేహాలు కూడా పోగొట్టుకున్నాను. విషాదం కత్తి దగ్గర పుట్టదు, విస్తరి దగ్గర పుడుతుంది. కలిసి తిన్నవాడు చంపితేనే అది విషాదం. మిగతావన్నీ పోలీసు స్టేషన్లో రాసుకునే కేసులు. 'మాక్బెత్' మొదటి అంకం చివరి దృశ్యం తీసి చూడు. సేవకులు వంటకాల పళ్ళాలు మోసుకుంటూ వేదిక మీదుగా వెళతారు. లోపల రాజు భోంచేస్తున్నాడు. పెట్టే చేయిగా పక్కన ఉండాల్సిన మాక్బెత్ మధ్యలో లేచి బయటికొచ్చి, చంపకూడదని తనకు తనే నచ్చజెప్పుకుంటాడు. నేను ఇతని బంధువుని, ఇతని కొలువులో ఉన్నవాణ్ణి, పైగా ఈ రాత్రికి ఇతను నా ఇంటికొచ్చిన అతిథి, హంతకుడు రాకుండా తలుపు వెయ్యాల్సినవాణ్ణి అంటాడు. ఇంతలో భార్య వచ్చి, ఆయన భోజనం అయిపోవస్తోంది, నువ్వెందుకు లేచొచ్చావు అని అడుగుతుంది. చూశావా, నాటకం నిలబడింది ఆ భోజనాల పంక్తి మీద. తర్వాత బాంకో దయ్యమై వచ్చి కూర్చునేది కూడా విందులోనే.

మన పెద్దలు దీన్ని ఇంకో వైపునుంచి పట్టుకున్నారనిపిస్తుంది. సంస్కృత నాటకలక్షణ గ్రంథం దశరూపకంలో ధనంజయుడు రంగం మీద చూపకూడని వాటి జాబితా ఇస్తాడు. అందులో వధ ఉంది, భోజనమూ ఉంది. రెండూ ఒకే చోట. చదువుకునే రోజుల్లో ఇదేం చాదస్తం అనుకున్నాను. ఇప్పుడు అలా అనుకోవడం లేదు. రెండింటిలోనూ మనిషి దాపరికం లేకుండా కనబడతాడని ఆయనకు తెలిసే ఉంటుంది. ఆయన వద్దన్నాడు. నేను మాత్రం భోజనాన్ని చూపించి తీరాలంటాను, హత్యను తలుపు వెనక ఉంచమంటాను.

నీ 96 పేజీల్లో ఏడు హత్యలున్నాయి. ఒక్క భోజనం లేదు. సూరి పన్నెండేళ్ళ వయసులో లారీ క్లీనరుగా రాఘవులు దగ్గరకు చేరాడని ఒక్క డైలాగులో చెప్పి వదిలేశావు. ఆ మొదటి రోజు వాడికి అన్నం ఎవరు పెట్టారు? రాఘవులు తన పళ్ళెంలోంచి ముక్క తీసి వేశాడా? క్వారీలో బండ జారి కూలీ పోయిన రోజు ఇద్దరూ తినకుండా పడుకున్నారా? ఇవి రాస్తే హత్యకి నాలుగు పేజీలు అక్కర్లేదు, నాలుగు లైన్లు చాలు.

ఇలా రాస్తే నిర్మాతలు ఒప్పుకోరని నువ్వంటావు. నాకూ తెలుసు. ఒక సినిమా ఆఫీసులో ఏడు నెలలు కథాచర్చలకు కూర్చున్నాను. ఎనభై తొమ్మిది సీన్లు రాశాను. రైస్‌మిల్లు యజమాని, అతని రెండో భార్య, పెంపుడు కొడుకు. 'మొదటి పది నిమిషాల్లో మర్డర్ పడాలి సార్' అన్నారు. ఇప్పుడు దాన్నే హుక్ అంటున్నారు. చేపకి వేసేది గాలం, చూడ్డానికొచ్చిన మనిషికి ఆ మాట ఎలా వాడతారో నాకు అర్థం కాదు. తర్వాత 'మనవాళ్ళకి ట్రాజెడీ ఎక్కదు' అన్నారు. ధర్మవరం రామకృష్ణమాచార్యులు గారు విషాద సారంగధర నాటకం రాసి ఆ మాటని నూరేళ్ళ కిందటే కొట్టేశారని చెప్పాను. ఆ గదిలో ఆ పేరు ఎవరూ విని ఉండలేదు. ఆ నాటకంలో ముసలి రాజు, పడుచు రాణి చిత్రాంగి, ఆమె మనసుపడ్డ సవతి కొడుకు సారంగధరుడు. నిమ్మి కథకి మన చిత్రాంగి ఎంత దగ్గరో చూడు. తేడా ఒక్కటే, సారంగధరుడు కాదన్నాడు, మక్బూల్ కాదనలేకపోయాడు. నా రైస్‌మిల్లు సినిమా ఆగిపోయింది. నాకు రావాల్సిన డబ్బు రాలేదు.

వెబ్ సిరీస్‌గా మార్చాలా, కలం పేరు పెట్టుకోవాలా అని ఏవో అడిగావు. అవి తర్వాత చూద్దాం.

ముగింపు మాత్రం మార్చాలి. సూరి ముప్పైమందితో పోరాడి పడిపోవడం నాకు నచ్చలేదు. 'మక్బూల్'లో చివర మక్బూల్‌గా చేసిన ఇర్ఫాన్ ఖాన్, నిమ్మి కన్న బిడ్డ కోసం ఆసుపత్రికి వస్తాడు. ఆ పసిగుడ్డును గుడ్డూ, సమీర దగ్గరకు తీసుకోవడం అద్దం అవతలినుంచి చూస్తాడు. తన చేతిలో తండ్రిని పోగొట్టుకున్నవాళ్ళు వాళ్ళిద్దరూ. తుపాకీ వదిలేసి వెనక్కి తిరిగి నడుస్తాడు. బయట బోటీ అనే ముఠా మనిషి అతన్ని కాల్చేస్తాడు. అప్పటికే అతనిలో చావాల్సింది చచ్చిపోయింది. నీ సూరికి అద్దం అవతల కనబడేదేమిటో వెతుకు. నాకైతే ఒక వంటిల్లు కనబడుతోంది. అయినా కథ నీది.

ఆ వంటావిడకి పేరు పెట్టు ముందు. స్క్రిప్టులో ఆమెను 'పనిమనిషి 2' అని రాశావు. ఆమె ఆ ఇంట్లో ఎన్నేళ్ళనుంచి వండుతోందో, సూరికి ఏ కూర ఇష్టమో ఆమెకే తెలుసు. మొదటి పేజీ ఆమెతో మొదలుపెట్టి మళ్ళీ రాసి పంపు. నేను శ్రావణం దాకా ఊళ్ళోనే ఉంటాను.

స్క్రిప్టు స్పీడ్ పోస్టులో వెనక్కి పంపిస్తున్నాను. 95 పేజీలే ఉంటాయి. 41వది నా దగ్గర ఉంచుకున్నాను.

ఇట్లు
మీ మాస్టారు