జన్యువులు మార్చిన పట్టుపురుగులను మన ప్రకాశం జిల్లాలో పెంచితే గిట్టుబాటవుతుందా?

మందులకు పనికొచ్చే ప్రోటీన్లు పట్టులోనే తయారయ్యేలా పురుగును మారుస్తున్నారట కదా, మనకేమైనా లాభమా అని అడిగారు. మాది కనిగిరి వైపు, ఇంట్లో ఏళ్ల తరబడి పురుగులు మేపాం. నన్నడిగితే జన్యువు మార్చడం ఓ లెక్క కాదు. పురుగును గూడు కట్టేదాకా బతికించడమే కష్టం.

జపాన్ వాళ్లు 2000లోనే పురుగులో బయటి జన్యువు పెట్టి చూపించారు. తర్వాత మనిషి ఒంట్లో ఉండే కొలాజెన్ అనే ప్రోటీన్ ఉన్న పట్టు, నీలి వెలుతురులో మెరిసే పట్టు కూడా తీశారు. 2017లో అక్కడి గున్మా ప్రాంతంలో మామూలు రైతులే ఆ మెరిసే రకాన్ని మేపారు. పట్టుదారం లోపల ఉండేది ఫైబ్రోయిన్ అనే ప్రోటీన్, పైన ఉండే జిగురు సెరిసిన్. కావలసిన ప్రోటీన్ ఆ జిగురులోకి వచ్చేలా చేస్తే తేలిగ్గా కడిగి తీసుకోవచ్చు. గూళ్ల నుంచి దారం తీసే మన రీలర్లలా వాటిని మరిగే నీళ్లలో వేస్తే మాత్రం ఆ ప్రోటీన్ కాస్తా ఉడికిన కోడిగుడ్డులా పాడైపోతుంది.

ఇక మా సంగతి. ఓసారి పురుగులు నాలుగో జ్వరం (మేత మానేసి పొర విడిచే దశ) లేచి కరకరా ఆకు తింటున్నాయి. ఆ చప్పుడు వింటే మామయ్యకు ప్రాణం లేచొచ్చేది. పక్క చేలో పొగాకుకు మందు కొట్టారు, మాకో మాటైనా చెప్పలేదు. గాలికి అదంతా మా మల్బరీ మీద పడింది. ఆ ఆకు వేసిన సాయంత్రానికి పురుగులు తలలెత్తి అటూ ఇటూ ఊపడం, ఆకుపచ్చ రసం కక్కడం, ఒళ్లు కుదించుకుపోవడం! అత్తయ్య చేటలతో ఎత్తి గుంటలో పోసి సున్నం చల్లింది. పురుగులు గూళ్లు కట్టడానికి కడిగి ఆరబెట్టిన చంద్రికలు (వెదురు తడికలు) గోడకే ఉండిపోయాయి. వెళ్లి అడిగితే, "మా చేలో మేం కొట్టుకున్నాం, మీకేంటి?" అన్నారు. జపాన్ పురుగైనా ఆ ఆకు తింటే చావాల్సిందే కదా.

వైరస్‌తో పురుగులకు వచ్చే పాలరోగం టెన్షన్ వేరే. ఆ వైరస్‌ను తట్టుకునే పురుగును హైదరాబాదులో దివంగత శాస్త్రవేత్త జె. నాగరాజు గారి బృందం జన్యువులతోనే తయారు చేసింది, 2013లో పరిశోధన పత్రం కూడా వచ్చింది. ఆ పురుగు మా షెడ్డు దాకా మాత్రం రాలేదు. ముందు అది ఇవ్వండి, మందుల పట్టు సంగతి తర్వాత చూద్దాం.

కంపెనీ ముందే రేటు రాసిచ్చి గూళ్లు షెడ్డు దగ్గరే కొంటానంటే నేనూ మేపుతా. లేదంటే రాత్రంతా ప్రయాణం చేసి హిందూపురం పట్టుగూళ్ల మార్కెట్‌కు పోవాలి. అక్కడ వేలంలో చూసేది దారం ఎంత దిగుతుందనే. లోపల ఏ ప్రోటీన్ ఉన్నా ఒక్కరూ రూపాయి ఎక్కువ పాడరు.