మూసేసిన స్టాపు దగ్గర డ్రైవర్ బస్సు ఎందుకు ఆపడు?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: మీ స్టాపు బోర్డుకు సంచి తొడిగి 'మూసివేయబడింది' అని కాగితం అంటించారు. కొందరు డ్రైవర్లు అక్కడే ఆపుతున్నారు, కొందరు చెయ్యెత్తినా చూడనట్టే వెళ్లిపోతున్నారు. దీనికో పద్ధతంటూ ఉందా, ఇలాంటప్పుడు ప్రయాణికులు ఏం చేయాలి?

నేను 11 ఏళ్లు సిటీ బస్సు నడిపాను. ఆ తర్వాత రెండేళ్లు కంట్రోల్ రూమ్‌లో కూర్చున్నాను. అంటే చెయ్యెత్తినా ఆపకుండా పోయిన ఆ డ్రైవర్ని నేనే, స్టాపు మూశారన్న కబురు డ్రైవర్లకు సగమే చేరేసిన ఆఫీసులోనూ నేనే ఉన్నాను. రెండు కుర్చీల్లోనూ తిట్లు తిన్నాను కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను.

ముందుగా నోటీసు చదవండి. 'స్టాపు మూశారు' అన్న మాటలో రెండు వేరువేరు సంగతులు ఉంటాయి. ఒకటి, రోడ్డు తెరిచే ఉంటుంది, బస్సు మీ ముందు నుంచే వెళ్తుంది, ఆ ఒక్కచోట మాత్రం ఆగదు. పైపుల కోసం తవ్వడం, ఫుట్‌పాత్ పగలగొట్టడం, పక్క భవనానికి క్రేన్ పెట్టడం లాంటివి దీనికి కారణాలు. రెండోది, రోడ్డే మూసేస్తారు, బస్సు ఇంకో దారిన చుట్టి వెళ్తుంది. అప్పుడు పోయేది ఒక్క స్టాపు కాదు, వరసగా మూడో నాలుగో పోతాయి. మొదటి రకమైతే పక్క స్టాపుకు నడిస్తే సరిపోతుంది. రెండో రకంలో నడిచి వెళ్లిన స్టాపుకు కూడా బస్సు రాదు. బస్సు పాత రూటును ఎక్కడ వదులుతుంది, మళ్లీ ఎక్కడ కలుస్తుంది, ఈ రెండు చోట్లే మీకు పనికొచ్చేవి. చాలామంది ఇది చూసుకోక ఒక మూసిన స్టాపు నుంచి ఇంకో మూసిన స్టాపుకు నడిచి, అక్కడ నిలబడి మమ్మల్ని తిట్టుకుంటారు.

ఇక "నాలుగడుగులు ముందుకెళ్లి ఆపితే ఏం పోయింది?" అన్న మాట. రోజూ విన్నాను. 12 మీటర్ల బస్సు ఫుట్‌పాత్‌ను ఆనుకుని తిన్నగా నిలబడాలంటే 12 మీటర్ల జాగా చాలదు. లోపలికి రావడానికి కొంత, మళ్లీ బయటికి తీయడానికి కొంత కావాలి. అది లేకపోతే ముందు తలుపు అంచు దగ్గరికి చేరుతుంది గానీ వెనక భాగం రోడ్డు మీదే ఉండిపోతుంది. వెనక తలుపులోంచి దిగేవాళ్లు నేరుగా రోడ్డు మీద కాలు పెట్టాలి. బస్సుకూ ఫుట్‌పాత్‌కూ మధ్య ఒక్క మీటరు సందు దొరికితే చాలు, సైకిలో బైకో అందులోకి దూరుతుంది.

ఇది ఊహించి చెప్పడం లేదు. డ్యూటీలో చేరిన రెండో ఏడు, మూసిన స్టాపు దాటాక రెడ్ సిగ్నల్ పడింది. ఒకాయన తలుపు దగ్గరికి వచ్చి "అన్నా, ఆగే ఉంది కదా, ఒక్క నిమిషం తలుపు తియ్" అన్నాడు. తీశాను. ఆయన కాలు కింద పెట్టేలోపు ఆ సందులోంచి బైకు దూసుకుపోయింది. చేతిలో సంచి ఎగిరిపోయింది, మనిషికి ఏమీ కాలేదు. ఆ తర్వాత సిగ్నల్ దగ్గర తలుపు తీయమని ఎవరు ఎంత బతిమాలినా తీయలేదు. నన్ను గర్విష్ఠినని అనుకున్నవాళ్లు ఉండే ఉంటారు, అనుకోనీ.

ఇంకొకటి ఉంది, దీని గురించి ప్రయాణికులకు ఎవరూ చెప్పరు. బస్సు వెనక చక్రాల తర్వాత కూడా దాదాపు 3 మీటర్ల బాడీ ఉంటుంది. స్టీరింగ్‌ను రోడ్డు వైపు తిప్పి బస్సును బయటికి తీసినప్పుడు ఆ తోక భాగం ఫుట్‌పాత్ వైపుకు ఊగుతుంది. మామూలు స్టాపులో జనం కాస్త వెనక్కి నిలబడతారు, ఎత్తైన అంచు కూడా అడ్డం ఉంటుంది. తాత్కాలికంగా ఒక కర్ర పాతిన చోట అంచూ ఉండదు, గీతా ఉండదు. బస్సు వెళ్లిపోతోంది కదా అని జనం ముందుకు జరుగుతారు, సరిగ్గా అప్పుడే తోక వాళ్ల మీదికి వస్తుంది. తాత్కాలిక స్టాపులో దిగినా ఎక్కకుండా మిగిలిపోయినా, బస్సు పూర్తిగా దాటేదాకా రెండడుగులు దూరంగా ఉండండి.

మరి కొందరు డ్రైవర్లు ఎందుకు ఆపుతున్నారు? కొందరికి జాలి. కొందరికి అసలు విషయమే తెలియదు. డిపోలో నోటీసు బోర్డు మీద కాగితం పెడతారు. ఉదయం షిఫ్టు వాళ్లు చదువుతారు. మధ్యలో డ్యూటీ మారి రోడ్డు మీదే బస్సు ఎక్కే రిలీవర్‌కు ఆ బోర్డు కనబడదు. దిగిపోయే డ్రైవర్ ఒక్క మాట చెప్తేనే తెలుస్తుంది. అతను ఇంటికెళ్లే తొందరలో ఉంటాడు. మా దగ్గర నిజంగా పనిచేసింది చేతి సైగలే. ఎదురుగా వచ్చే బస్సు డ్రైవర్ లైటు ఒకసారి కొట్టి, అరచెయ్యి అడ్డంగా ఊపితే ముందు ఏదో మూశారని అర్థం. వేలు గుండ్రంగా తిప్పితే దారి మళ్లించారని. కంట్రోల్ రూమ్ మెసేజ్ కంటే పది నిమిషాలు ముందే ఆ సైగ అందేది.

దారి మళ్లించినప్పుడు కార్ల కోసం పెట్టిన బాణం గుర్తుల్ని నమ్ముకోకూడదన్నది ఇంకో పాఠం. కారు తిరిగే మూలలో బస్సు తిరగదు. ఒకసారి నేను ఆ బాణాల వెంట పోయి ఒక సందు మొగలో ఇరుక్కున్నాను. వెనక్కి తీయడానికి ముప్పావు గంట పట్టింది. లోపల నలభై మంది, అందులో ఒకాయనకు రైలు టైం. ఆయన నాతో ఏమన్నాడో ఇక్కడ రాయలేను.

నా పద్ధతి మారింది ఒక పెద్దావిడ వల్ల. ఆవిడకు చూపు లేదు. రోజూ ఒకే టైముకు ఎక్కేది, ముందు సీట్లో కూర్చునేది, ఎప్పుడూ దిగాల్సిన చోటే దిగేది. నేనేదో ఆవిడకు మలుపులు గుర్తనుకున్నాను. ఒకరోజు దారిలో ఒక స్టాపు మూశారు. అది ఆవిడ స్టాపు కాదు, అంతకు ముందుది. కాబట్టి ఆవిడకు చెప్పాలన్న ఆలోచనే రాలేదు. ఆపకుండా దాటేశాను. ఆవిడ తన స్టాపు వచ్చినా లేవలేదు, తర్వాతి స్టాపులో దిగింది. దిగి రెండడుగులు వేసి ఆగిపోయింది. నేను పిలిచి సంగతి చెప్పాను. ఆవిడ కోప్పడలేదు. "బాబూ, నేను తలుపు చప్పుడు లెక్కపెట్టుకుంటాను. తలుపు తీయకపోతే నా లెక్క తప్పిపోతుంది. దాటాక చెప్పి ఏం లాభం, దాటేటప్పుడే చెప్పు" అంది.

మూసిన స్టాపు గురించి నాకు తెలిసిన విద్య అంతా ఆ మాటలోనే ఉంది. ఆ స్టాపు దగ్గరికి వచ్చాక చేయగలిగేది దాదాపు ఏమీ ఉండదు. ఏం చేసినా దానికి ముందు స్టాపులోనే చేయాలి. అక్కడ తలుపులు తెరిచి ఉండగానే "తర్వాతి స్టాపు మూశారు, అక్కడ దిగేవాళ్లు ఇక్కడే దిగండి, లేదా దాని తర్వాత దిగండి" అని గట్టిగా చెప్పడం మొదలుపెట్టాను. మూసిన స్టాపు దాటేటప్పుడు పేరు చెప్పి "ఆగట్లేదు" అని ఇంకోసారి చెప్పేవాణ్ని. అంతకుముందు, ఆ స్టాపు దాటాక బెల్లు మోగేది, అరుపులు, టెన్షన్, తలుపు బాదడం. పది సెకన్ల మాటతో అందులో చాలాభాగం పోయింది. లండన్ బస్సుల్లో అయితే తర్వాతి స్టాపు మూసి ఉందని మైకులో రికార్డు చేసిన గొంతే చెప్పే ఏర్పాటు ఉంది. మా బస్సులో రికార్డు గొంతు తలకిందుల పని చేసేది: మూసిన స్టాపు పేరు ఎప్పటిలాగే తియ్యగా చదివేది, జనం లేచి తలుపు దగ్గర నిలబడేవాళ్లు, నేను ఆపకుండా పోయేవాణ్ని. యంత్రం మంచిది, నేను చెడ్డవాణ్ని.

యాప్‌లో 'బస్సు 3 నిమిషాల్లో' అని చూపించి అసలు రాకపోవడం కూడా ఇలాంటిదే. చాలా యాప్‌లు జీటీఎఫ్‌ఎస్ అనే పద్ధతిలో సమాచారం తీసుకుంటాయి. 2005లో అమెరికాలోని పోర్ట్‌లాండ్ రవాణా సంస్థా గూగులూ కలిసి మొదలుపెట్టింది అది. అందులో రూట్లు, స్టాపులు, టైమ్‌టేబుల్ ఒక మూటగా ఉంటాయి. ఆ రోజు జరిగే మార్పులు వేరే దారిలో వస్తాయి. 'స్టాపు మారింది', 'దారి మళ్లించారు', 'సర్వీసు లేదు' అని చెప్పడానికి విడివిడిగా గుర్తులు కూడా ఉన్నాయి. కానీ ఆ గుర్తు ఎవరో ఒకరు కూర్చుని పెట్టాలి. పెట్టకపోతే యాప్‌కు తెలిసింది ఒక్కటే: బస్సు ఇక్కడుంది, స్టాపు అక్కడుంది, ఇంత దూరం, ఇంత టైం. కంట్రోల్ రూమ్‌లో ఉన్నప్పుడు డ్రైవర్లకు మెసేజ్ పంపి, యాప్ సంగతి మర్చిపోయిన రోజులు నావీ ఉన్నాయి. కాబట్టి బోర్డుకు తొడిగిన సంచి ఒకటి చెప్పి, ఫోన్ ఇంకొకటి చెప్తే సంచినే నమ్మండి.

పక్క స్టాపుకు నడవాలి, ముందుకా వెనక్కా? నా సలహా ఇది. రెండు స్టాపుల మధ్య 400 మీటర్లు అనుకుందాం. మీకు నడవడానికి ఐదు నిమిషాలు పడుతుంది. గంటకు 20 కిలోమీటర్ల వేగంతో వచ్చే బస్సుకు 72 సెకన్లు. బస్సుకు ఇంకా చాలా టైం ఉంటే వెనక స్టాపుకు, అంటే బస్సు వచ్చే వైపుకు నడవండి. సీటు దొరికే అవకాశం ఎక్కువ, బస్సు ఎదురుగా కనిపిస్తూనే ఉంటుంది. బస్సు దగ్గర్లో ఉందనిపిస్తే ముందు స్టాపుకే నడవండి, ఆ ఒకటింబావు నిమిషం మీకు కలిసొస్తుంది. రెండింటికీ మధ్యలో నిలబడి చెయ్యెత్తడం మాత్రం వద్దు. ఒక స్టాపు మూస్తే పక్క స్టాపులో రెండింటి జనమూ ఎక్కుతారు కాబట్టి అక్కడ బస్సు కాస్త ఎక్కువసేపే ఆగుతుంది. పరుగెత్తాల్సిన పని సాధారణంగా ఉండదు. స్టాపు తగ్గింది కాబట్టి బస్సు తొందరగా పోతుందని అనుకుంటారు గానీ, ఆ టైం ఇక్కడ తిరిగి ఖర్చయిపోతుంది.

వీల్‌చెయిర్‌లో వెళ్లేవాళ్లయితే దగ్గర స్టాపు కాదు, అంచు ఎత్తుగా ఉన్న స్టాపు చూసుకోవాలి. లో-ఫ్లోర్ బస్సు ఒరిగి నిలబడ్డాక గడప రోడ్డు నుంచి 25 సెంటీమీటర్ల ఎత్తులో ఉందనుకోండి. ఫుట్‌పాత్ 15 సెంటీమీటర్లు ఉంటే మీటరు పొడవున్న ర్యాంపు 10 సెంటీమీటర్లే ఎక్కాలి. కర్ర పాతిన తాత్కాలిక స్టాపులో నేరుగా రోడ్డు మీదికి వేస్తే అదే ర్యాంపు 25 ఎక్కాలి, రెండున్నర రెట్లు నిటారు. వెనక నుంచి తోసేవాళ్లు లేకుండా అది కుదరదు. ఎక్కేటప్పుడే డ్రైవర్‌కు ఎక్కడ దిగాలో చెప్పండి. దిగే స్టాపు మూసి ఉంటే పక్కవాటిలో ఏది మేలో అతనికి తెలుస్తుంది. నేనైతే ఇలాంటివి స్టీరింగ్ పక్కన చిన్న కాగితం మీద రాసుకునేవాణ్ని.

రాత్రి ఆఖరి బస్సు సంగతి కూడా చెప్పాలి. మూసిన స్టాపు దగ్గర, చీకట్లో, ఒంటరిగా ఎవరో నిలబడి ఉంటారు. వెనక ఇంకో బస్సు లేదు. రూల్ ప్రకారం ఆపకూడదు. నేను ఆపాను, ఒకసారి కాదు. రోడ్డు ఖాళీగా ఉంటే, బస్సు తిన్నగా నిలబడే జాగా ఉంటే, హజార్డ్ లైట్లు వేసి, ముందు తలుపు ఒక్కటే తీసి ఎక్కించుకున్నాను. దీనికి నాకు ఒకసారి మెమో కూడా వచ్చింది. పగలు ఆపని డ్రైవర్‌నూ రాత్రి ఆపిన డ్రైవర్‌నూ ఇద్దరినీ నేను తప్పు పట్టలేను.

ఫిర్యాదు చేయాలంటే "డ్రైవర్ ఆపలేదు" అని రాయకండి, దానివల్ల డ్రైవర్‌కు ఒక వివరణ రాసే పని తప్ప ఇంకేమీ జరగదు. స్టాపు పేరు, బోర్డు మీద నంబరు ఉంటే అది, నోటీసు ఫోటో, ఏ తేదీ వరకు మూశారని రాశారో అది పంపండి. తాత్కాలిక కర్ర జరిగిపోయి ఉంటే అదీ చెప్పండి. గేటుకు అడ్డమని ఎవరో ఒకరు రాత్రికి రాత్రి దాన్ని పదిహేను మీటర్లు జరిపేస్తుంటారు, పొద్దున డ్రైవర్‌కు ఒకచోట, జనానికి ఇంకోచోట స్టాపు అవుతుంది.

అన్నట్టు, మీ స్టాపు దగ్గర గొయ్యి పూడ్చేశారని, పనివాళ్లు కూడా లేరని రాశారు. అంటే బహుశా పని అయిపోయింది, సంచి తీయడం మర్చిపోయారు. ఇది మామూలే. గొయ్యి తవ్వేవాళ్లు వేరు, సంచి తొడిగేవాళ్లు వేరు. మీరే సంచి చింపేయకండి. మీరు చింపితే జనం నిలబడతారు, డ్రైవర్ చేతిలో మాత్రం పాత కాగితమే ఉంటుంది. ఫోటో తీసి కంట్రోల్ రూమ్‌కు పంపండి, వాళ్లు వచ్చి తీసేదాకా వెనక స్టాపులోనే ఎక్కండి.