రోమన్ హాలిడే రచయిత ఎవరు?

'రోమన్ హాలిడే' సినిమా రచయితగా మీ పాత పుస్తకంలో ఇయాన్ మెక్లెలన్ హంటర్, కొత్త జాబితాలో డాల్టన్ ట్రంబో కనబడుతున్నారు, వ్యాసంలో ఏది రాయాలని కదా మీ సందేహం. రెండూ అచ్చుతప్పులు కావండి.

1947లో అమెరికా ప్రతినిధుల సభ కమిటీ కమ్యూనిస్టుల కోసం హాలీవుడ్‌ను జల్లెడ పట్టింది. సమాధానం చెప్పనన్న పదిమందిలో ట్రంబో ఒకరు. సభా ధిక్కారం కింద జైలుకు వెళ్ళారు, స్టూడియోల తలుపులు మూసుకున్నాయి. బతకాలి కదా! రాయడం ఆపలేదు, పేరు మాత్రం దాచారు. 1953లో వచ్చిన ఈ సినిమా కథను మిత్రుడు హంటర్ తన పేరుతో అమ్మిపెట్టారు, ఆస్కార్ కూడా ఆయన పేరునే వచ్చింది. పాపం, తర్వాత హంటర్ కూడా ఆ నిషేధం బారిన పడ్డారు.

ఇంకా విచిత్రం 'ది బ్రేవ్ వన్' అనే సినిమా సంగతి. దాని కథకు ఆస్కార్ గెలిచిన 'రాబర్ట్ రిచ్' అనే రచయిత అసలు లేనే లేడు! అదీ ట్రంబోయే. ఆ ప్రతిమ 1975లో ఆయన చేతికి అందింది, మరుసటి ఏడాదే కన్నుమూశారు. 'రోమన్ హాలిడే'ది 1993లో ఆయన భార్య అందుకున్నారు. స్క్రీన్‌ప్లేలో ఆయన పేరును రచయితల సంఘం 2011లో చేర్చింది.

కాబట్టి ఇలా రాయండి: కథ ట్రంబో, స్క్రీన్‌ప్లే ట్రంబో, హంటర్, జాన్ డైటన్. విడుదలనాటి ప్రతిలో ట్రంబో పేరు లేదని కింద ఒక వాక్యం చేర్చండి. హంటర్ పేరు మాత్రం కొట్టేయకండి.