జపాన్‌లోని తకయామలో ఒక్క వర్తకుల ఇల్లే చూసే టైముంటే ఏది చూడాలి?

నగోయా నుంచి పొద్దున బయల్దేరి సాయంత్రానికి తిరిగెళ్లాలి, కుసకాబె ఇల్లు చూడాలా, యోషిజిమ ఇల్లు చూడాలా అని అడిగారు. "పాత చెక్క ఇంట్లో చూడ్డానికేముంది" అని మీ వాళ్లు అంటున్నారని కూడా రాశారు. ఆ రెండూ పక్కపక్కనే ఉంటాయి, వీలైతే రెండూ చూడండి. ఒక్కటే కుదిరితే మాత్రం యోషిజిమ ఇంటికే వెళ్లండి.

అది సాకే అనే బియ్యపు మద్యం కాచి అమ్మిన కుటుంబం ఇల్లు. 1905లో కాలిపోతే నిషిద ఇసబురో అనే పెద్ద వడ్రంగి 1907లో మళ్లీ కట్టాడు. వీధిలోంచి చూస్తే చూరు కిందికి దిగి, ముందంతా నల్లటి చెక్క కటకటాలతో చాలా మామూలుగా ఉంటుంది. తెర తప్పించుకుని లోపలికి అడుగు పెట్టాక తల పైకెత్తండి. 'దొమ' అనే ఆ మట్టినేల భాగానికి అటక లేదు, కప్పు దాకా ఖాళీయే. నిలువు స్తంభాలు, అడ్డ దూలాలు, వాటి మీద పొట్టి గుంజలు, వాటిని కలుపుతూ సన్నటి పట్టీలు, అన్నీ ఒకదాన్నొకటి దాటుకుంటూ పైకి పోతాయి. కప్పు దగ్గరి కిటికీల్లోంచి వెలుతురు వాటి మీద పడుతుంది. కిందనున్న మనకి ఏ దూలం దేని మీద కూర్చుందో స్పష్టంగా తెలుస్తుంది. దేన్నీ దాచలేదు, అందుకే ప్రతి దూలాన్నీ నాలుగు పక్కలా నునుపుగా చిత్రిక పట్టారు. నేను అక్కడి నుంచి చాలాసేపు కదల్లేకపోయాను.

మన మండువా ఇళ్లలో నడిమధ్య కప్పే ఉండదు, ఎండా వానా నేరుగా లోపలికి వస్తాయి. తకయామలో మంచు విపరీతం, అలా వదిలేస్తే కుదరదు. కప్పు మూసి, వెలుతురుని మాత్రం పైనుంచి దింపుకున్నారు. నేలలో చేసిన నిప్పుగుంట పొగ కూడా ఆ ఎత్తులోకే పోతుంది. మేడమీదికీ తప్పక వెళ్లండి. అక్కడ గదుల నేలలు ఒకే మట్టంలో ఉండవు. ఒక గదిలో కూర్చుంటే పక్క గది కాస్త ఎత్తులోనో పల్లంలోనో కనిపిస్తుంది.

ఈ పనితనం ఊరికే రాలేదు. సుమారు 1,300 ఏళ్ల కిందటే ఈ హిద ప్రాంతం వాళ్లు పన్నుకు బదులు వడ్రంగుల్ని రాజధానికి పంపేవారు. ఇక్కడి అడవుల కోసమే 1692లో షోగునులు, అంటే అప్పటి సైనిక పాలకులు, ఈ ప్రాంతాన్ని నేరుగా తమ చేతిలోకి తీసుకున్నారు. వర్తకుల దగ్గర ఎంత డబ్బున్నా ఇంటి ఎత్తుకీ, కలపకీ ఆంక్షలుండేవి. హినోకి (జపాన్ సైప్రస్ చెట్టు) లాంటి మేలురకం కలప వాళ్లకి దక్కేది కాదు. షోగునుల పాలన పోయి 1868లో మొదలైన మెయిజీ కాలంలో ఆ ఆంక్షలు పోయాయి. 1879లో కవజిరి జిసుకె కట్టిన కుసకాబె ఇంట్లో ఆ స్వేచ్ఛ కనిపిస్తుంది. ఇల్లంతా హినోకి, దూలాలు భారీగా ఉంటాయి. గట్టిదనం, దర్పం ఇష్టమైతే మీకు అదే నచ్చుతుంది. 1966లో రెండింటినీ ముఖ్య సాంస్కృతిక సంపదగా గుర్తించారు.

స్టేషన్ నుంచి నడిచి వెళ్లొచ్చు. పొద్దున మియగావా నది ఒడ్డున సంత చూసుకుని అటే వెళ్లిపోండి, ఆ వేళకి లోపల జనం తక్కువ. అక్టోబర్ 9, 10 తేదీల్లో అక్కడ పండగ, ప్రశాంతంగా చూడాలంటే ఆ రోజులు వద్దు. చలికాలమైతే మందపాటి సాక్సులు వేసుకోండి. చెప్పులు బయటే విప్పాలి, ఆ చెక్క నేల మంచుగడ్డలా ఉంటుంది. సెలవు రోజులు సీజన్‌ని బట్టి మారతాయి, బయల్దేరే ముందు చూసుకోండి.